డ్యాష్‌బోర్డు కింద రెండో మీటరు

పాత అంబాసిడర్‌లోనో, డీజిల్ ఇంజను వేయించిన జీపులోనో ముందు సీట్లో కూర్చుంటే ఒక్కోసారి మోకాలికి తగిలేంత దగ్గర్లో ఒక మీటరు కనబడుతుంది. డ్యాష్‌బోర్డు అంచుకి రేకు పట్టీ, పట్టీకి రెండు స్క్రూలు, అందులో రెండంగుళాల గుండ్రటి డబ్బా. నల్లటి ముఖం మీద తెల్ల అంకెలు 40 నుంచి 120 దాకా. అది కంపెనీ ఇచ్చింది కాదు, బండి ఆటోనగర్‌లో కొన్నాళ్ళు ఉండి వచ్చాక చేరింది. బిల్లులో టెంపరేచర్ మీటరని రాస్తారు, డ్రైవర్లు హీట్ మీటరంటారు. ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళు ఎంత వేడెక్కాయో చెప్పడం తప్ప దానికి వేరే పని లేదు.

మామూలుగా దీన్ని సోకు సామాన్లలో కలిపేస్తారు, స్టీరింగు కవరు పక్కన, మ్యూజిక్ హారను పక్కన లెక్కేస్తారు. బెజవాడలో అది సోకు కోసం వచ్చింది కాదు. ఇక్కడ కారుని కొన్నది కొన్నట్టు వాడటం కంటే మార్చుకుని వాడటం ఎక్కువ. ఇంజను మారేది, ఇంధనం మారేది, రేడియేటర్ ముందు ఏసీ కండెన్సరు వచ్చి కూర్చునేది. డ్యాష్‌బోర్డు మాత్రం కారు పుట్టిననాటిదే. బానెట్ కింద ఉన్న ఇంజనుకీ కళ్ళెదుట ఉన్న ముళ్ళకీ మాట కలవని బండికి ఈ రెండో మీటరు పెట్టక తప్పేది కాదు.

ఇంజను వేడిని కొలిచే అలవాటు కార్లతో పాటే మొదలైంది. కాకపోతే తొలిరోజుల్లో ఆ మీటరు కారు బయట ఉండేది. 1910ల్లో అమెరికాలో హారిసన్ బాయిస్ అనే ఆయన రేడియేటర్ మూతలోనే థర్మామీటరు బిగించి ‘మోటోమీటర్’ అనే పేరుతో అమ్మాడు. డ్రైవరు సీట్లోంచి ముందుకి చూస్తే బానెట్ చివర ఎర్ర గీత పైకి పాకుతూ కనబడేది. నిజానికి అది కొలిచేది నీళ్ళ వేడిని కాదు, నీళ్ళ మీద చేరే ఆవిరి వేడిని. అప్పటికి అదే చాలు. ఆ కాలంలో లక్షల్లో అమ్ముడైన ఫోర్డ్ మోడల్ టీ కార్లలో దాదాపు వేటికీ నీళ్ళ పంపు లేదు. వేడి నీరు పైకి పోతుంది, చల్లబడింది కిందికి దిగుతుంది అన్న సూత్రం మీదే ఇంజను బతికేది. నీళ్ళు కాస్త తగ్గితే ఆ తిరుగుడు ఆగిపోతుంది కనక మూత మీద ఒక కన్నేసి ఉంచాల్సిందే. చీకట్లో గీత కనబడేది కాదు, వీధిలో నిలిపిన బండి మీంచి ఎవరైనా తిప్పి పట్టుకుపోవచ్చు కూడా. 1920లు ముగిసేసరికి వేడి చూపే మీటరు కారు లోపలికి వచ్చేస్తోంది.

లోపలికి తెచ్చిన పరికరం మాత్రం కారు కంటే పాతది. 1849లో ఫ్రాన్సులో యూజీన్ బోర్డన్ ఆవిరి బాయిలర్ల కోసం ఒక ఒత్తిడి మీటరు కనిపెట్టాడు. అందులో ఉండేది కొక్కెంలా వంచిన చదును గొట్టం. లోపల ఒత్తిడి పెరిగితే ఆ వంపు విప్పుకోవాలని చూస్తుంది, ఆ కాస్త కదలికకే ముల్లు తిరుగుతుంది. దీనికి దారమంత రాగి గొట్టం తగిలించి, గొట్టం చివర ఈథర్ నింపిన బల్బు పెట్టి, ఆ బల్బుని ఇంజను నీళ్ళలో దించితే కారు హీట్ మీటరు తయారు. బ్యాటరీతో పని లేదు, వైరింగుతో పని లేదు. కానీ ఆ రాగి గొట్టాన్ని పొడవైందని కత్తిరించడానికి వీల్లేదు, చాలలేదని అతకడానికి వీల్లేదు. ఎక్కడైనా మడతపడి చిట్లితే ఈథర్ పోతుంది, మీటరు పని అయిపోతుంది. అందుకే పాత మేస్త్రీలు మిగిలిన గొట్టాన్ని ఇంజను దగ్గర రెండు మూడు చుట్లు చుట్టి వదిలేవారు. ఇంజను ఊగినప్పుడల్లా ఆ ఊపు చుట్లలోనే అరిగిపోయేది. ఈ రకం మీటరుని గుర్తుపట్టడం తేలిక: అంకెలు కింద ఇరుకుగా, పైకి పోయేకొద్దీ ఎడంగా ఉంటాయి. వేడి పెరిగే వేగం కంటే ఈథర్ ఆవిరి ఒత్తిడి పెరిగే వేగం ఎక్కువ మరి.

ముల్లు చూసి బండి నడపడం కార్లవాళ్ళ కంటే ముందు లారీవాళ్ళకి తెలుసు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక చాలాకాలం డెల్టా ధాన్యం కాలవల్లో పడవల మీద కదిలింది, తరవాత రైళ్ళ మీద. 1957లో ప్రకాశం బ్యారేజీ మీదుగా రోడ్డు పడింది. మద్రాసు నుంచి కలకత్తా పోయే రోడ్డూ, హైదరాబాదు నుంచి బందరు పోయే రోడ్డూ కలిసేది బెజవాడలోనే. అదే దశాబ్దంలో జంషెడ్‌పూర్‌లో టాటాలు బెంజ్ లారీలు మొదలుపెట్టారు (1954), ఎన్నూరులోని అశోక్ మోటార్స్ కాస్తా అశోక్ లేలాండ్ అయింది (1955). లారీ డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషరు మీటరూ, నీళ్ళ వేడి మీటరూ అలంకారం కాదు. పది టన్నుల బియ్యంతో నడిరోడ్డు మీద ఇంజను పట్టేస్తే ఓనరు అప్పులపాలవుతాడు.

బస్సులది వేరే దారి. 1958లో ఆర్టీసీ ఏర్పడి కృష్ణా జిల్లా రూట్లను తీసుకోబోతే ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకి ఎక్కారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసుగా లా కాలేజీల్లో ఇప్పటికీ చెప్పే వ్యాజ్యం అది. అభ్యంతరాలు విన్నది ఒకరు, నిర్ణయం తీసుకున్నది మరొకరు అయితే ఆ విచారణ ఉత్త తంతేనని ఆ ఏడాది నవంబరులో కోర్టు ప్రభుత్వ పథకాన్ని కొట్టేసింది. మరుసటి ఏడు ప్రభుత్వం లోపం సరిదిద్దుకుని వచ్చి నెగ్గింది. రూట్లు పోయాయి, బస్సుల మరమ్మతు ఆర్టీసీ డిపోల గోడల వెనక్కి పోయింది. ఊళ్ళో ప్రైవేటు మెకానిక్కులకి మిగిలింది లారీలూ, జీపులూ, కార్లూ.

1966లో జవహర్ ఆటోనగర్ వచ్చింది. పటమట దాటాక బందరు రోడ్డు పక్కన, షెడ్లకి షెడ్లు, క్రాసు రోడ్లకి క్రాసు రోడ్లు. తరవాతి కాలంలో గుంటూరులో, గాజువాకలో, హైదరాబాదులో ఇదే పేరుతో ఇలాంటి పేటలే లేచాయి. లారీ బాడీ కట్టించుకోవడానికి పక్క రాష్ట్రాల నుంచి ఛాసిస్‌లు రావడం ఆటోనగర్‌కి తెచ్చిన పేరు అందరికీ తెలిసిందే. అంతగా చెప్పుకోనిది ఇంకొకటుంది. లేత్ పనివాడు, రేడియేటర్ మేస్త్రి, ఎలక్ట్రీషియన్, టింకరు, పాత సామాన్ల కొట్టు, ఇవన్నీ నడిచి వెళ్ళేంత దూరంలో ఉండటం వల్ల, కంపెనీ ఊహించని పని కూడా ఇక్కడ సాయంత్రానికి తెమిలిపోతుంది. హీట్ మీటరు పెట్టడం చూడ్డానికి చిన్న పనే. దానికి వీళ్ళలో ముగ్గురు కావాలి.

ఇంతకీ బండ్లు ఎందుకు అంతగా కాగేవి? డెల్టా నేల బల్లపరుపు. గుడివాడ వెళ్ళినా బందరు వెళ్ళినా ఇంజనుకి ఎక్కుడంటే ఏమిటో తెలీదు. పరీక్షంతా డెల్టా దాటాకే. హైదరాబాదు 270 కిలోమీటర్లు, ఆ దారిలో బండి సముద్రమట్టం దగ్గర్నుంచి 500 మీటర్ల పైకి ఎక్కాలి. తిరుమల అయితే చెప్పనక్కర్లేదు. మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో తెరిచారు. పుట్టెంట్రుకలు తీయించాల్సిన పిల్లాడితో, అమ్మమ్మతో, మేనమామతో, పెట్టెలతో కిక్కిరిసిన అంబాసిడర్ సెకండు గేర్లో ఆ మలుపులు ఎక్కుతుంటే బానెట్ సందుల్లోంచి ఆవిరి రావడం మామూలే. బానెట్ ఎత్తి, రాయి అడ్డం పెట్టి, గుడ్డ కప్పి మూత తిప్పే విద్య ఆనాటి ప్రతి డ్రైవరుకీ వచ్చు. చేతులు కాల్చుకున్నవాళ్ళూ తక్కువేం కాదు.

ఇక నీళ్ళు. కూలెంట్ డబ్బాలు ఊరూరా దొరకని రోజుల్లో రేడియేటర్‌లో అందిన నీళ్ళు పోసేవారు, బోరువైతే బోరువి, కాలవవైతే కాలవవి. సముద్రం వైపు పోయేకొద్దీ, అవనిగడ్డ, నాగాయలంక, బందరు ప్రాంతాల్లో భూమిలో నీళ్ళు ఉప్పన. ఉప్పు ఇనుప బ్లాకుని లోపల్నుంచి తినేస్తుంది. కఠినజలంలో సున్నం రేడియేటర్ గొట్టాల్లో పొరకడుతుంది. కాలవ నీళ్ళలో ఒండ్రు బ్లాకు అడుక్కి దిగి గట్టిపడుతుంది. పొలానికి బలమైన ఒండ్రు ఇంజనుకి అడ్డు.

ఆ పేరుకున్నదాన్ని తియ్యడం రేడియేటర్ మేస్త్రి పని. ఇత్తడి ట్యాంకు చుట్టూ మంట చూపి సీసం కరిగించి మూతలా ఊడదీస్తాడు. లోపల వరసగా చదునైన గొట్టాల నోళ్ళు, వాటిలో సగం మూసుకుపోయి ఉంటాయి. సన్నని ఇనప బద్దని ఒక్కొక్క నోట్లోకి దించి, తీసి, మళ్ళీ దించి, గోధుమరంగు పొడి రాలేదాకా పొడుస్తాడు. ట్యాంకు తిరిగి అతికించి, నీళ్ళ తొట్లో ముంచి గాలి కొట్టి బుడగలొస్తున్నాయేమో చూస్తాడు. ఇత్తడి, రాగి రేడియేటర్లు పోయి అల్యూమినియం గొట్టాలకి ప్లాస్టిక్ ట్యాంకులు బిగించినవి వచ్చాక ఈ పని చాలావరకు తగ్గిపోయింది, పాడైనదాన్ని మార్చడమే మిగిలింది.

1973 చమురు సంక్షోభం తరవాత పెట్రోలు మండిపోయింది, డీజిల్ చవగ్గా ఉంది. అంబాసిడర్‌లో ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజను, ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి దిగి వచ్చిన కారుకి తగ్గ ఇంజను. హిందుస్థాన్ మోటార్స్ డీజిల్ అంబాసిడర్‌ని 1980 ప్రాంతంలో తెచ్చింది. అప్పటికే పెట్రోలు బండి ఉన్నవాళ్ళు దాన్ని అమ్మి కొత్తది కొనే కంటే ఇంజను మార్పించుకోవడం నయమనుకున్నారు. పెట్రోలు అంబాసిడర్‌లోకి మాటడోర్ వ్యాను ఇంజను దిగింది, పాత పెట్రోలు జీపులోకి మహీంద్రావారి ప్యుజో డీజిల్ దిగింది. కొత్త మౌంటింగులు వెల్డు చెయ్యాలి, ప్రొపెల్లర్ షాఫ్టు కొలత మార్చాలి, గేరుబాక్సుకీ ఇంజనుకీ నడుమ పళ్ళెం తయారుచెయ్యాలి. ఇన్ని చేశాక బండి స్టార్టవుతుంది, నడుస్తుంది. మీటర్ల దగ్గర మాత్రం పేచీ మొదలవుతుంది.

ఎందుకంటే అప్పటికి మీటర్లు చాలావరకు కరెంటువి. ఇంజను హెడ్డులో సెండరు అనే చిన్న ఇత్తడి బోల్టు ఉంటుంది. దాని కడుపులో ఉన్న గుండు వేడెక్కేకొద్దీ ఎక్కువ కరెంటు వదులుతుంది, ఆ కరెంటుకి తగ్గట్టు ముల్లు లేస్తుంది. ఏ సెండరు ఎంత వేడికి ఎంత కరెంటు వదలాలన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క. వేరే కంపెనీ సెండరుకి పాత మీటరు కలిపితే ఇంజను 80లో ఉండగా ముల్లు ఎరుపులోకి పోవచ్చు, లేదా 110 దాటినా నడిమధ్యన నిమ్మళంగా కూర్చోవచ్చు. మొదటి తప్పుతో పోయేది అరగంట, రెండో తప్పుతో పోయేది ఇంజను. పైగా ఇంగ్లీషు బళ్ళ మరలు అంగుళం లెక్క, జర్మన్, ఫ్రెంచి, జపాన్ ఇంజన్ల మరలు మిల్లీమీటర్ల లెక్క, కాబట్టి పాత సెండరు కొత్త హెడ్డులో పట్టనే పట్టదు. వీటన్నిటికీ ఒకటే దారి దొరికింది: మీటరూ సెండరూ జతగా కొని, పాత ముల్లుని దాని మానాన వదిలేయడం. 1970ల మధ్యలో కోయంబత్తూరులో మొదలైన ప్రికాల్ వంటి దేశీ కంపెనీలు ఇలాంటి మీటర్లు చెయ్యడంతో దిగుమతి సరుకు కోసం వెతుక్కునే పని తప్పింది.

బిగింపు ఇలా సాగుతుంది. ఇంజను చల్లారాక నీళ్ళు కిందికి వదిలేస్తారు. హెడ్డు మీదో థర్మోస్టాట్ గూడు మీదో కంపెనీ వదిలేసిన ఖాళీ రంధ్రం, దానికి బిగించిన డమ్మీ బోల్టు వెతుకుతారు. ఆ బోల్టు పట్టుకుని కుర్రాడు లేత్ షెడ్డుకి పరిగెడతాడు. లేత్ మేస్త్రి బోల్టు మరని గేజితో సరిచూసి, ఇత్తడి కడ్డీ ముక్క బిగించి ఒక బుష్ తీస్తాడు. బయటి మర హెడ్డుకి పట్టాలి, లోపలి మర సెండరుకి పట్టాలి. పావుగంట పని. వేలెడంత కూడా లేని ఆ ముక్కతోనే రెండు దేశాల కొలతలు సర్దుకుంటాయి. ఇంతలో ఎలక్ట్రీషియన్ ఫైర్‌వాల్‌కి కన్నం పెట్టి, దానికి రబ్బరు కట్టు వేసి, తీగ లోపలికి లాగుతాడు. రబ్బరు వెయ్యకపోతే రేకు అంచు తీగని కోసి ఎప్పుడో ఒకప్పుడు షార్టు చేస్తుంది.

కారిపోతుందన్న భయంతో కొత్తగా చేరిన కుర్రాళ్ళు సెండరు మరకి తెల్ల టేపు దండిగా చుట్టేస్తారు. మేస్త్రీలు అరిచేది అక్కడే: “ఒరేయ్, అంత చుడితే దానికి ఎర్త్ ఎక్కణ్ణించొస్తుందిరా?” సెండరుకి ఒకటే తీగ. రెండోది ఇంజను ఒళ్ళే. మరకీ లోహానికీ మధ్య టేపు మందంగా అడ్డుపడితే కరెంటు సరిగా పోదు, ముల్లు కిందికే ఉండిపోతుంది.

జాగ్రత్తగల మేస్త్రి బిగించే ముందు మీటరుని పరీక్షిస్తాడు. దానికి లేబరేటరీ అక్కర్లేదు, టీ బడ్డీలో మరిగే నీళ్ళు చాలు. సెండరు ఒంటికి ఒక తీగ చుట్టి బ్యాటరీ నెగటివుకి కలిపి, కొసని ఆ నీళ్ళలో ముంచితే ముల్లు 100 దగ్గర ఆగాలి. సముద్రమట్టానికి పెద్దగా ఎత్తులో లేని బెజవాడలో నీళ్ళు 100కే మరుగుతాయి. రేడియేటర్‌లో అలా కాదు. మూత స్ప్రింగు లోపల ఒత్తిడిని ఆపి ఉంచుతుంది. ఏడు పౌండ్ల మూత ఉంటే నీళ్ళు 110 దాకా మరగవు. మూత రబ్బరు ఎండిపోయిందంటే ఆ పది డిగ్రీల వెసులుబాటు పోయినట్టే. పాతిక రూపాయల రబ్బరు కోసం హెడ్ గాస్కెట్ మార్పించుకున్నవాళ్ళు ఏ షెడ్డులో అడిగినా తగులుతారు.

హెడ్డులో రంధ్రం దొరకనప్పుడు ఇంకో ఉపాయం ఉంది. పై రబ్బరు హోస్ పైపుని మధ్యకి కోసి, లోహపు గొట్టం ముక్క దూర్చి, రెండు పక్కలా క్లిప్పులు బిగించి, ఆ ముక్కకి సెండరు తగిలిస్తారు. పని సులువు కానీ రెండు మెలికలున్నాయి. రబ్బరు నడుమ ఉన్న ముక్కకి ఎర్త్ దానంతటది రాదు, వేరే తీగ లాగాలి. అది చాలామంది చేస్తారు. చాలామంది ఆలోచించనిది రెండోది: థర్మోస్టాట్ 80 డిగ్రీల పైన తెరుచుకుంటే గానీ పై హోసులోకి వేడి నీళ్ళు రావు. ఆ వాల్వు మూసుకుని ఇరుక్కుపోయిందనుకుందాం. హెడ్డు ఉడికిపోతూ ఉంటుంది, హోసు మాత్రం చల్లగానే ఉంటుంది, మీటరు కూడా అదే చెబుతుంది. బళ్ళ మీద థర్మోస్టాట్‌నే పీకేసే అలవాటు మన మెకానిక్కుల్లో బలంగా ఉండటానికి ఈ భయం ఒక కారణం. దానివల్ల ఇంజను ఎప్పటికీ సరైన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుందన్నది వేరే సంగతి.

1980లు, 90ల్లో ఈ మీటరుకి ఇంకో గిరాకీ వచ్చింది. పాత అంబాసిడర్లకీ ఫియట్లకీ బయట ఏసీలు పెట్టించడం మొదలైంది. రేడియేటర్ ముందు కండెన్సరు నిలబెడితే గాలి ముందే వేడెక్కి లోపలికి వస్తుంది. వన్‌టౌన్ సందుల్లో మే నెల మధ్యాహ్నం బండి ఆగి ఆగి పోతుంటే బెల్టుతో తిరిగే ఫ్యాను చాలదు. పక్కన ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టి స్విచ్చి డ్రైవరు చేతికిచ్చారు. స్విచ్చి ఎప్పుడు వెయ్యాలో తెలియాలంటే మీటరు ఉండాలి కదా. ఆ తరవాత గ్యాసు కిట్లు వచ్చాయి. ద్రవంగా ఉన్న ఎల్పీజీ ఆవిరి కావడానికి కావాల్సిన వేడిని ఇంజను నీళ్ళలోంచే తీసుకుంటుంది కాబట్టి హోసులకి మరో రెండు అతుకులు పడ్డాయి, కారడానికి మరో రెండు చోట్లు.

మారుతి 800 రాకతో (1983) లెక్క మారింది. అంబాసిడర్ హెడ్డు పోత ఇనుము, ఒకసారి కాగినా క్షమించేది. మారుతి హెడ్డు అల్యూమినియం, కాస్త ఎక్కువ కాగితే వంకర పోతుంది. అప్పుడు విప్పి మిషను మీద ఫేసింగ్ పట్టించాలి. మంచి విషయం ఏమిటంటే దానికి కంపెనీ ముల్లు ఉండేది. తరవాతి కార్లలో ముల్లు ఉన్నా దానికి నిజాయితీ తగ్గింది. 75 నుంచి 105 దాకా ఎంత ఉన్నా నడిమధ్యనే నిలబడేలా కంపెనీలే చేశాయి, ముల్లు కాస్త కదిలితే చాలు కస్టమర్లు షోరూముకి పరిగెత్తుకొస్తున్నారని. ఆపైన చాలా చిన్న కార్లలో ముల్లే పోయింది. చల్లగా ఉంటే నీలం దీపం, కాగితే ఎర్ర దీపం, మధ్యలో ఏమీ ఉండదు. ఎర్ర దీపం వెలిగేసరికి బండి పక్కకి తీసే వ్యవధి కొంచెమే. నీళ్ళు మొత్తం కారిపోతే అదీ నమ్మకం లేదు. నీళ్ళలో మునగని సెండరుకి ఆవిరి వేడే తెలుస్తుంది, దీపం ఆలస్యంగా వెలగొచ్చు.

2014 జనవరిలో మారుతి 800 ఉత్పత్తి ఆగింది, మే నెలలో ఉత్తరపారాలో అంబాసిడర్ ఆగింది, జూన్‌లో ‘ఆటోనగర్ సూర్య’ సినిమా విడుదలైంది. తెర మీద మెకానిక్కు హీరో అయ్యేనాటికి అతని చేతిలో పెరిగిన రెండు కార్లూ లేకుండా పోయాయి. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లు రద్దవడంతో ఆఫీసుల్లో మిగిలిన తెల్ల అంబాసిడర్లూ తగ్గాయి. ఇప్పుడు పాత బండికి మీటరు పెట్టించేవాళ్ళు ఎక్కువగా ఇష్టం కొద్దీ జీపులూ ఫియట్లూ ఉంచుకున్నవాళ్ళు. ముల్లు బదులు ఎర్రంకెలు వెలిగే డిజిటల్ డబ్బాలు వచ్చాయి. బుష్ తియ్యడం, ఎర్త్ చూడటం మాత్రం అప్పటిలాగే.

దీపాలు మాత్రమే ఉన్న కొత్త కార్ల వాళ్ళకి ఇవేవీ అక్కర్లేదు. 2010ల నుంచి వస్తున్న కార్లలో స్టీరింగు కింద పరీక్షల కోసం ఒక సాకెట్టు ఉంటుంది. అగ్గిపెట్టంత యంత్రం అందులో గుచ్చితే ఇంజను కంప్యూటరుకి తెలిసిన వేడి ఫోనులో అంకెగా కనబడుతుంది. కంపెనీ దాచిన అంకె మొదట్నుంచీ అక్కడే ఉందన్నమాట. ఫోనులో 96 చూపిస్తే కారు నిజంగా పంపింది 136. అందులోంచి 40 తీసేసి చూపమని ఆ పద్ధతి రాసినవాళ్ళు ఏర్పాటు చేశారు, మంచుదేశాల్లో సున్నాకి 40 డిగ్రీల కింద కూడా కొలవాల్సి వస్తుంది కాబట్టి. బెజవాడ బండికి ఆ కింది 40 డిగ్రీలతో ఇంతవరకూ పని పడలేదు.